ఎడమ నుంచి మూడోవాడు

లంతాపుట్ దాటాక బస్సు ముందుకు పోదు.
అక్కణ్ణించి దొమ్రు బండి వెనక,
ఒళ్లో రికార్డరు, దాని మీద ప్లాస్టిక్ సంచి,
సంచి మీద నా రెండు చేతులు.
వాన అన్నిట్నీ ఒకేలా తడిపింది.

గురుబారి కిర్సాని అరుగు మీద చోళ్లు చెరుగుతోంది.
చాట ఆపకుండానే అడిగింది:
"ఈసారి దేనికి? రేషన్ కార్డుకా, దోమతెరకా?"
"మాటకి" అన్నాను.
దొమ్రు దాన్ని దేశియాలోకి మార్చి
అక్కణ్ణించి గుతోబ్‌లోకి దించి
మధ్యలో ఎక్కడో తనే నవ్వుకున్నాడు.

అంగీకార పత్రం చదివి వినిపించాను, నాలుగు పేజీలు.
అయిపోకముందే బొటనవేలు చాచింది.
డ్యాం కట్టేటప్పుడు వాళ్లయ్య కూడా ఇలాగే చాచాడట.
తర్వాత ఆ చేత్తో
"అదిగో మా ఊరు" అని చూపించబోతే
చూపిన చోటల్లా నీళ్లేనట.
నేను సిరాపెట్టె మూత పెట్టేశాను.

ఎర్ర దీపం వెలిగింది.
మొదటి పదకొండు నిమిషాలూ ఎడ్ల పేర్లు చెప్పింది.
మునిగిన ఊరి ఎడ్లు.
ఒక్కోదాని కొమ్ము వంపు వేలితో గాల్లో గీసింది.
రికార్డరుకి గాలి కనబడదని నేను చెప్పలేదు.

పన్నెండో నిమిషంలో
ఊరు ఖాళీ చేసిన రాత్రి దాకా వచ్చి,
అందరూ గట్టెక్కాక వాళ్లన్న ఒక్కడే
వెనక్కి ఎందుకు వెళ్లాడో చెప్పబోయి, ఆగింది.
"ఇది నాది కాదు. సొనియాది.
నేను అప్పుడు అమ్మ వీపు మీద నిద్రపోతున్నాను.
వాణ్ణి అడగాలి."
"ఎక్కడుంటాడు?" అన్నాను.
దొమ్రు నా మోచెయ్యి గిల్లాడు.

ఊరి నడుమ సొదొర్.
కూర్చోడానికి పరిచిన రాళ్లు కొన్ని,
అలిగి లేచినట్టు నిలబడ్డ రాళ్లు కొన్ని.
సొనియా ఎడమ నుంచి మూడోవాడు.
మోకాలెత్తు. ఒక అంచు విరిగింది.
దున్నని ఇచ్చి నిలబెట్టారట,
ఆ దున్న అప్పు ఇంకా తీరలేదట.
ఆమె దొన్నెలో తెచ్చిన కల్లు వంచి, ఏదో అడిగింది.
దొమ్రు తెలుగు చెయ్యలేదు.
వాన వెలిసి, మళ్లీ మొదలైంది.

తిరిగొస్తుంటే చెప్పింది:
"ఒద్దన్నాడు.
నీ మీద కోపం కాదు.
ఆ పెట్టె రాత్రిళ్లు ఎవరింట్లో పడుకుంటుందో
తెలీదన్నాడు."

భువనేశ్వర్‌లో, చల్లటి గదిలో, ఇనప బీరువాలో
అని చెబుదామనుకున్నాను.
నోరు తెరిస్తే వాన పడింది, అంతే.

"పోనీ నువ్వు చెప్పు, మీ అవ్వది."

మాది సాలూరు. మా నాయనమ్మ
సోమవారం సంతలో చింతపండు కొనేది,
తెల్లారకముందే కొండ దిగొచ్చిన వాళ్ల దగ్గర.
కొనే రోజుకి ఒక తూకంరాయి, అమ్మే రోజుకి ఒకటి.
కొనే రాయి అడుగు తొలిపించి సీసం పోయించింది.
ఇంట్లో దీన్ని తెలివి అని చెప్పుకునేవాళ్లం.
పండగకి అందరం చేరితే
ఎవరో ఒకరు ఎత్తుకునే కథే,
విరగబడి నవ్వే కథే.
ఇక్కడ దాన్ని ముక్కలు ముక్కలుగా
దొమ్రు చేతికిచ్చాను.
అతను ఒక్కో ముక్కా అటు అందించాడు.
ఈసారి మధ్యలో నవ్వుకోలేదు.

గురుబారి చాట అందుకుంది. చాలాసేపు చెరిగింది.
తర్వాత ఒకే మాట.
"చెప్పేముందు ఆవిణ్ణి అడిగావా?"

అడగడానికి ఆమెకి రాయి లేదు.
నాగావళిలో కలిపాం.

బస్సెక్కాక చూశాను,
ఎర్ర దీపం ఆర్పనేలేదు.
కల్లు వంచిన చప్పుడుంది.
ఆమె అడిగిందీ, వాడు ఒప్పుకోనంతసేపు పడ్డ వానా ఉన్నాయి.
అవన్నీ చెరిపేశాను.
సీసం పోసిన రాయి ఒక్కటీ ఉంచాను,
ఎడ్ల పేర్ల పక్కన.

తొలగించిన భాగం, కారణం: రెండు గళ్లు.
రెండోదాంట్లో రాశాను: రాయి ఒప్పుకోలేదు.
పై ఆఫీసు నుంచి ఫోను, ఏ రాయి అని.
ఎడమ నుంచి మూడోది, అన్నాను.