వేలెడు లోతు

నీరు తీసింది. కుంభాభిషేకం రేవుకి అవతల
బురద మెరుస్తోంది తిరగేసిన చేప కడుపులా.
మోకాళ్ల దాకా దిగి నేను గుల్లలేరుతుంటే
పడవలో ప్రభుదాసు, పిట్టల లెక్కల కుర్రాడు,
మూడుకాళ్ల గొట్టంలో కన్ను పెట్టి
"నూట పన్నెండు, నూట పదమూడు..."

వేటినిరా అంటే ఉల్లంకుల్నట.
ఏ ఊరివంటే ఉత్తరానికి చెయ్యి చాపాడు.
కాకినాడ దాటి, కొండలు దాటి, మంచుకొండలూ దాటి
చెట్టన్నది మొలవని నేలట.
"మడ చెట్టు కూడానా?"
"మడా లేదు బంగారమ్మా. నాచు, జానెడు పొదలు.
కింద తవ్వితే ఏళ్ల తరబడి కరగని గడ్డ."
ఊక కప్పిన ఐసు దిమ్మలా అన్నాను.
అచ్చం అంతే అన్నాడు.

వేసవిలో అక్కడ పొద్దు గుంకదట.
పైపైన కరిగి గుంటలు నిలిచి
దోమలు పొగలా లేస్తాయట.
దోమలా! అయితే మా తాళ్లరేవే.
ఆ దోమలే పిల్లలకి మేత.
చలికి తెల్లగా, ఎండకి మట్టిరంగుగా
బొచ్చు మార్చే నక్క ఒకటుందట.
ఎలకలు దొరకని ఏడు గుడ్ల మీద పడుతుందట,
వేట ఆపిన రెండు నెలలూ
మేం గుల్లల మీద పడ్డట్టు.

తర్వాత గొట్టం వదిలి చెప్పాడు:
ఇప్పుడక్కడ మంచు ముందే పోతోంది.
పిల్ల గుడ్డు పగలగొట్టుకొచ్చేసరికి
దోమల పంట అయిపోతోంది.
అరకడుపు పిల్లలు. చిన్న ఒళ్లు. పొట్టి ముక్కు.
అన్ని వేల మైళ్లు ఎగిరొచ్చి
బురదలో పొడిస్తే గుల్ల అందదట.

నేను వేలు దించి చూసుకున్నాను.
రెండో కణుపు దాటాక తగిలింది.
మా అమ్మ ఏరేనాడు మొదటి కణుపుకే తగిలేది.
ఎందుకు దిగిపోయాయో
ఏ గొట్టమూ ఇటు తిప్పి చూడలేదు.

పోటు మళ్లింది. కుర్రాడికి లెక్క తప్పి
మళ్లీ ఒకటి దగ్గర్నించి మొదలెట్టాడు.
నా వెనక, నేను కెలికిన చోట
గుప్పెడంత పిట్ట. కాలికి పచ్చ పట్టీ.
పొడుస్తోంది, ఆగుతోంది, పొడుస్తోంది.

బుట్ట ఇంకా సగమే.
ఇంకో నాలుగు పిడికిళ్ల బురద పెళ్లగించాను,
ఏరలేదు.