శివారు ఆయకట్టు

అమలాపురం, కలెక్టరేటు, రెండో అంతస్తు.
మనుషుల అక్రమ రవాణా నిరోధక కమిటీ, మూడో సమావేశం.
మినిట్స్ రాసేది నేనే.
పోలీసు, రెవిన్యూ, కార్మిక, విద్య, వైద్యం, రైల్వే...
శాఖల పేర్లున్న అట్టముక్కలు పదకొండు.
వాటి వెనక మనుషులు ఏడుగురు.

నాలుగో అంశం: కొల్లాబత్తుల ఎస్తేరురాణి, కేశనపల్లి.
పాస్‌పోర్టులో ముప్పై ఒకటి,
బడి రిజిస్టరులో పందొమ్మిది.
మస్కట్‌లో వంటపని అన్నారు.
ఫోను మోగడం ఆగి నలభై రోజులు.

వయసు సంగతి మాది కాదన్నారు ఒకరు.
ఏజెంటుకి లైసెన్సే లేదు కనక
మా పరిధిలోకి రాడన్నారు ఇంకొకరు.
ఇష్టపడే వెళ్ళింది కదండీ అన్నారు మూడో ఆయన,
టీలో బిస్కెట్టు ముంచుతూ.
అది విరిగి కప్పులో పడింది.
ఇది మినిట్స్‌లో రాయలేదు.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
ధవళేశ్వరం దాటాక గోదారికి ఏడు పాయలని బళ్ళో చెప్పారు,
నాన్న లెక్కంతా తూములది.
"పైవాడు తలుపెత్తానని కబురెట్టకపోతే
కిందవాడు దించేసి పడుకుంటాడే అమ్మాయ్.
నీళ్ళు ఎవడూ ఎత్తుకుపోడు,
శివారు చేను ఎండిపోద్ది, అంతే."
రాత్రి రెండింటికి గట్టు మీద సైకిలేసుకుని
తూముకీ తూముకీ పోయి మనుషుల్ని లేపేవాడు.
దాన్ని సమన్వయం అంటారని ఆయనకి తెలీదు.
నాకూ జీవో చదివాకే తెలిసింది.

వెనక వరసలో అంగన్‌వాడీ టీచరు గుబ్బల వెంకటరత్నం.
ఆవిడకి అట్టముక్క లేదు.
లేచి, కొంగు ముడి విప్పి చీటీ తీసింది:
రొయ్యల షెడ్డు మానేసిన ఆడపిల్లలు ఎనిమిది మంది,
ఏ తేదీన ఎవరి గుమ్మంలో
ఏ నెంబరు మోటారుసైకిలు ఆగిందో.
"ఈ నెల్లో చక్రాల పెట్టెలు కొన్నవాళ్ళు నలుగురండి."
రొయ్యలొలిచే పిల్లకి చక్రాల పెట్టె ఎందుకని
ఎవరూ అడగలేదు.

ఎస్సైగారు చీటీకి ఫొటో తీశారు.
రైల్వే కానిస్టేబులు బిస్కెట్ల అట్ట చింపి
తన ఫోన్ నెంబరు రాశాడు.
వెళ్ళిపోబోయిన కార్మిక శాఖాయన
మళ్ళీ కూర్చుని దాని కింద తనదీ రాశాడు.
తీర్మానం లేదు, సంతకాల్లేవు.
ఆ అట్ట బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

తొమ్మిదో రోజు, రాత్రి పదకొండూ నలభై.
"రావులపాలెం. హైదరాబాదు బస్సు. నలుగురు. దించాం."
ఎనిమిది నిమిషాలకి వైద్యశాఖ:
"డాక్టరమ్మ మేలుకునే ఉంది. తీసుకురండి."
పన్నెండు దాటాక తాసిల్దారు:
"జీపు బయల్దేరింది. దుప్పట్లున్నాయా?"
మంచమ్మీద కూచుని చదువుతున్నాను,
గట్టు మీద సైకిలు బెల్లు వినబడ్డట్టయింది.

నాలుగో సమావేశం మినిట్స్‌లో
"తగు చర్య తీసుకోబడినది" అని రాశాను.
దుప్పట్ల మాట ఎక్కడ పెట్టాలో తెలీక
అనుబంధంలో పెట్టాను.

ఎస్తేరురాణి ఇంకా నాలుగో అంశమే.
రాయబార కార్యాలయానికి రెండో ఉత్తరం వెళ్ళింది.
అర్జీల రోజున వాళ్ళమ్మ వస్తుంది,
మెట్ల కింద చెప్పులు విడిచి.
"నా పిల్ల కాయితం ఎందాకా వచ్చిందమ్మా?"

నీళ్ళు ఎందాకా వచ్చాయని
శివారు రైతులు నాన్ననీ ఇలాగే అడిగేవారు.
వచ్చేస్తున్నాయని అబద్ధం చెప్పేవాడు కాదు.
సైకిలు తాళం తీసేవాడు.