గుట్ట లేని తెర

చింతాద్రిపేటలో మెట్ల కింద కొట్టు మాది.
కిటికీ లేదు.
ఉన్నదల్లా తెర మీద ఆ ఆకుపచ్చ గుట్ట,
దాని పైన ఎప్పటికీ కురవని మబ్బు.
పద్దెనిమిదేళ్ళు, కళ్ళు నొప్పెట్టినప్పుడల్లా
శుభలేఖలన్నీ కిందికి దించేసి
కాసేపు దాన్నే చూసేదాన్ని.

గుట్టకి కుడిపక్క, అడుగున
సన్నటి అక్షరాలు:
ఈ ప్రతి అసలుది కాదు.
మునిరత్నంగారు దాని మీద బొట్టుబిళ్ళ అంటించారు.
బిళ్ళ రాలిపోయేది, మాట రాలేది కాదు.
నెల్లూరు నుంచి దిగిన పెళ్ళివారొకరు
నా యాస విని, "మీది అసలు తెలుగేనా అమ్మా?" అని నవ్విన రోజు
నేనూ అదీ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు.
యంత్రం నిద్ర లేవడానికి పావుగంట,
ఉన్నట్టుండి పడిపోవడానికి అరక్షణం.
రిచీ స్ట్రీట్ నుంచి ఇళంపరిది వచ్చాడు,
చొక్కా జేబులో వేలెడు పెన్‌డ్రైవు.
"లినక్స్ వేసేద్దాం అక్కా, కాణీ ఖర్చు లేదు."
ఊరికే వచ్చేదంటే మునిరత్నంగారికి భయం.
మూడుసార్లు అడిగారు, "మరి వాళ్ళకేమిటి లాభం?"
కుర్రాడు ఏదో చెప్పాడు,
పైనుంచి పోతున్న రైలు మింగేసింది.

నల్లటి తెర.
తెల్లటి వరసలు చీమల బారుల్లా
పైకి, పైకి.
గుట్ట ఎప్పుడు పోయిందో చూడలేదు,
టీకని వెళ్ళాను.

వచ్చేసరికి రహస్యపదం అడుగుతోంది.
కొడుతున్నాను, ఏమీ పడదే!
చుక్క లేదు, నక్షత్రం లేదు.
"చచ్చిపోయింది తంబీ ఇది."
"వింటోందక్కా. ఎన్ని అక్షరాలో కూడా
పక్కవాడికి తెలియనివ్వదు."
మా అమ్మ చీటీడబ్బు ఇలాగే లెక్కపెట్టేది,
కొంగు లోపల, పెదవి కదలకుండా.

తర్వాత పాత ఫైళ్ళు తెరిచాం.
చి.ల.సౌ. ఉండాల్సిన చోట ఒక డాలరు.
ముహూర్తం చోట తలకిందులైన ప్రశ్న.
వరుడి ఇంటిపేరు రెండు కామాలై
ఒకదాన్నొకటి తరుముకుంటోంది.
పద్దెనిమిదేళ్ళ పెళ్ళిళ్ళు, ఓణీ ఫంక్షన్లు,
పెద్దకర్మ కార్డులు, ఒక్కటీ మిగల్లేదు.
ఆ ఫాంటు ఇందులోకి రాదక్కా, అన్నాడు నేల చూస్తూ.
మునిరత్నంగారు కాగితం కట్టల మీద కూలబడ్డారు.

నాకెందుకో నవ్వొచ్చింది.
తెరని చూడ్డం మానేసి
బల్ల అంచు మీద వేళ్ళు పెట్టాను.
డాలరంటే ఎడమ చూపుడువేలు,
కుడి చిటికెన షిఫ్టు మీద.
సెమికోలనంటే అదే చిటికెన, పక్కకి జరిగి.
వేళ్ళు ముందు నడిచాయి, నోరు వెనకాలే వెళ్ళింది:
తుపాకుల వారి... ద్వితీయ పుత్రిక...
చి.ల.సౌ. కుముదవల్లిని...
ఇళంపరిది ఫోను కింద పెట్టాడు.
"ఎలా చదివారక్కా?"

చదవలేదు తంబీ.
నేనెప్పుడూ తెలుగు కొట్టలేదు.
ఇన్నేళ్ళూ కొట్టింది ఈ చెత్తే.
తెలుగయ్యేది అటుపక్క,
చూసేవాళ్ళ కళ్ళ దగ్గర.

ఇప్పుడు త నొక్కితే త.
ఒత్తు కావాలంటే ముందు పొల్లు పెట్టి
ఒక్క ఊపిరి ఆగాలి,
రెండో అక్షరం తనే వచ్చి కింద కూర్చుంటుంది.
నా వేళ్ళు ఆగవు.
నిన్న మధ్యాహ్నమంతా "సవాగతం" పలికాను
అందరికీ, నలభై కార్డుల మీద.

ప్రింటరు ఇంకా నోరు విప్పలేదు.
శ్రావణం తొలి ముహూర్తానికి పదకొండు రోజులు.

వెళ్తూ గుమ్మంలో ఆగి అడిగాడు,
"ఆ గుట్ట బొమ్మ దొరుకుతుందక్కా, పెట్టనా?"
వద్దులే, అన్నాను.
అన్నాక కాసేపు చేతులు ఊరికే ఉన్నాయి.

చూపు మాత్రం అలవాటుగా కుడి మూలకే పోతోంది.
అక్కడిప్పుడు ఏమీ రాసి లేదు.
బొట్టుబిళ్ళ జిగురు మరక, గాజు మీద,
గోటికి రావట్లేదు.