నో బిడ్

మార్చి ముప్పయ్యొకటికి మా కాగితాలు అయిపోతాయి,
పెంచలయ్య సారుదీ నాదీ.
గ్రౌండు చూసే మాలకొండయ్యకి కాగితమే లేదు.
అందుకే అతనొక్కడే నిద్రపోతాడు.

ఈ ఏడు ఆడాల్సినవి తొమ్మిది.
ఎనిమిది ఓడాం.
మిగిలిన ఒక్కటీ, గూడూరోళ్ల వ్యాను టైరు పగిలి రాకపోతే
మా పేరున రాసిచ్చారు.
ఆ రాత్రి పామూరు రోడ్డులో
సారు అందరికీ కారం దోసెలు పెట్టించాడు.
గెలిచినట్టే తిన్నాం.

కావలి మీద ఐదు సున్నా.
ఐదో గోలు పడ్డాక గోలీ తిరుపాలు
బంతి తియ్యకుండా వల పట్టుకుని కూర్చున్నాడు.
"సార్, ఈడ చిరిగుండాది, ముడెయ్యాల" అన్నాడు.

కరస్పాండెంటు గారిది పొగాకు వ్యాపారం.
కందుకూరు వేలం కేంద్రం నుంచి సరాసరి కాలేజీకే వస్తాడు,
చొక్కా కంటే ముందు ఆ ఘాటు వస్తుంది.
నన్నొక్కణ్ణే పిలిచాడు.
"ఒక పోస్టుకే డబ్బులుండాయి ఖాజావలీ.
రెండోదాంతో ల్యాబుకి ఏసీ పెట్టించాల.
ఓడింది పిల్లోళ్ల వల్లా, మీ సారు వల్లా?
ఒక మాట రాసియ్యి, మిగతాది నేను చూసుకుంటా."
బల్ల మీద తెల్లకాగితం, దాని మీద పెన్ను.
పెన్ను మూత కూడా ఆయనే తీసిపెట్టాడు.

నాకు పద్నాలుగు వేలు, సారుకి పంతొమ్మిది.
మధ్యలో ఉన్న ఐదు వేలు
ఇంటిదాకా నాతో నడిచొచ్చింది.
దారిలో సిలిండరు కొన్నది,
షమీమ్ కుట్టుమిషనుకి మోటారు బిగించింది,
గుమ్మం దగ్గర ఆగి నా మొహం చూసింది.

కాగితం చించెయ్యలేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాను.
ఇంకొంచెం నిజం చెప్పాలంటే
మొదటి వాక్యం మనసులో రాసేశాను కూడా:
'ఆటగాణ్ణి మార్చాల్సిన వేళకి మార్చరు.'
అది అబద్ధం కాదు.
రాత్రంతా నన్ను కొరికింది అదే.

తెల్లారి ఐదున్నర.
చిల్లులు పొడిచిన డబ్బాతో మాలకొండయ్య
పెనాల్టీ గీతకి సున్నం పోస్తున్నాడు.
అతని గీత ఎప్పుడూ ఎడమకి వంగుద్ది.
"ఉండనీలే, మనోళ్లు కొట్టే బంతీ అటే పోద్ది"
అని సారు ఏనాడూ దిద్దడు.

నా ఒంటి మీద పొగాకు వాసనుందేమో.
విజిలు మెడలో వేసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అన్నాడు:
"బేలు నో బిడ్ అయిన రోజు మా నాయన మాట్లాడేవాడు కాదబయా.
బండి మీద వెనక్కి తెచ్చి
కట్లిప్పి, మాడిన ఆకు ఏరి,
రాత్రి మంచులో కాస్త మెత్తబడనిచ్చి
మళ్లీ కట్టేవాడు.
అదే ఆకు, రెండోసారి ధర పలికేది ఒక్కోసారి."
"ఒక్కోసారేనా?"
"ఎక్కువసార్లు కాదు."

వంగి బూటు లేసు కట్టుకుంటుంటే
ఆయన ట్రాక్ జేబులోంచి
తెల్లగా ఒక కొస.
నాలుగు మడతలు. నాదీ నాలుగే.

ఇద్దరం మైదానం వైపు చూశాం.

పద్నాలుగు మంది రావాలి, ఎనిమిది మంది వచ్చారు.
వాళ్లలో ఇద్దరు రాత్రంతా బ్యారన్ కాడ మంట కాసి
కళ్లలో ఇంకా పొగతోనే ఉన్నారు.
ఐదుకి ఐదు కావాలని
సారు ఒక పక్క, నేనొక పక్క దిగాం.

బంతి ఆయన కాళ్ల దగ్గర. ఎదురుగా నేను.
ఎటు తిరుగుతాడో నాకు పదకొండేళ్లుగా తెలుసు.
ఆ సంగతి ఆయనకీ తెలుసు.
అయినా అటే తిరిగాడు.
భుజం భుజం రాసుకున్న చోట
కాగితం ఒకటి కరకరమంది,
నాదో, ఆయనదో.