నాలుగో కాలు

డండీలో రెండు ఫుట్‌బాల్ మైదానాలు
ఒకే వీధిలో ఉంటాయి.
ఇక్కడ గోలు పడితే ఆ కేక
అక్కడి ఖాళీ కుర్చీలకి వినిపిస్తుంది.
ఎఫీ గెలట్లీ పుట్టిల్లు ఆ పక్క సందులోనే.
నాన్న ముదురు నీలం, మేనమామ నారింజ.
శనివారాలు వాళ్లమ్మ
టీ రెండు గదుల్లో వేరువేరుగా ఇచ్చేది.

నేను ఎఫీ దగ్గర టేపులు విని టైపు చేసేదాన్ని.
ఇరవై తొమ్మిదేళ్లు.
శాస్త్రం నాకు తెలీదు. మనుషుల దగ్గులు తెలుసు,
జవాబుకి ముందు వాళ్లు మింగే గుటక తెలుసు.

మొదటి ప్రయోగం, ఇంకో జనపనార మిల్లు మూతబడ్డ ఏడు.
బడిపిల్లలకి చీట్లు పంచింది,
కొందరికి త్రిభుజం, కొందరికి వలయం.
అంతే. ఇంకే తేడా లేదు.
భోజనాల వేళకి త్రిభుజాలు కిటికీ పక్క బల్ల పట్టేశాయి.
సాయంత్రానికి, వలయాల దగ్గర అదోరకం వాసనొస్తుందని
ఒక పిల్ల ఒట్టేసి మరీ చెప్పింది.
టైపు చేస్తూ నవ్వుకున్నాను.
ఆ రాత్రి బస్సులో పక్క సీటతని మఫ్లర్ రంగు చూసి
నిలబడే ఇంటికొచ్చాను.

తర్వాత ఆ వీడియో. పదకొండు సెకన్లు. ఒకడు పడతాడు.
నీలంవాళ్లకి తోసినట్టు కనిపించింది, నారింజవాళ్లకి జారినట్టు.
వాన మాత్రం అందరికీ ఒకలాగే కురిసింది.

ఆమె వెతికింది మొండివాళ్లని కాదు.
తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాడు
ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు.
ఎఫీకి కావలసినవాడు వేరు:
ఆ నాలుగో కాలు అసలెందుకు ఉండదో
పట్టికలు గీసి, శాతాలు కట్టి,
గొంతు పెంచకుండా నిరూపించగలవాడు.
"తెలివి టాక్సీ లాంటిది," అనేది,
"ఎక్కినవాడు చెప్పిన చోటికే పోతుంది.
అడ్డదారులన్నీ తెలుసు, అదే తేడా."

బహుమతులొచ్చాయి. బెర్గెన్‌లో ఒక గొడుగు మరిచిపోయింది,
ల్యూవెన్‌లో ఇంకోటి.

అప్పుడు టిల్బర్గ్ నుంచి ఒక ఉత్తరం.
యొరిన్ డెక్కర్స్ అనే కుర్రాడు
చీటీల ప్రయోగాన్ని ఆరు ఊళ్లలో మళ్లీ చేశాడు.
పిల్లలు కలిసి కూర్చుని తినేశారు.
ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. దాంతోనే వచ్చింది చిక్కు.

మొదటి వారం ఎఫీ టేపులో చెప్పింది: డచ్ పిల్లలు వేరు.
రెండో వారం: వాళ్ల చీటీలు చిన్నవి.
మూడో వారం: ఈ అబ్బాయి గురువెవరో కనుక్కో.
నేను ఎప్పటిలా టైపు చేశాను.
నాలుగో వారం ఆ కాగితాలు తన ముందే పెట్టాను,
దగ్గులతో, గుటకలతో సహా.

చాలాసేపు చదివింది.
టే నది వంతెన మీద ఒక రైలు పూర్తిగా దాటిపోయింది.
లేచి ఇనుప బీరువా తీసింది.
అడుగున బూట్ల డబ్బా. అందులో
ఏ లెక్కకీ ఎక్కని పద్నాలుగు టేపులు,
మీద తన చేతిరాత: ఆ రోజు పిల్లలకి జలుబు.

ఇద్దరం కూర్చుని విన్నాం.
ఒక్క తుమ్ము లేదు.
ఎవరో బిస్కెట్ విరిచి, "ఇంద, నీది పెద్ద ముక్క" అంటున్నారు.
విరిగిన చప్పుడు కూడా పడింది.
నాలుగో కాలు,
ఇన్నేళ్లూ మడమ నొప్పికి వాడే బూట్ల డబ్బాలో.

ఆమె ఆఖరి వ్యాసం పేజీన్నర.
పాల్గొన్నవారు: ఒకరు. వయసు: అరవై మూడు.
వృత్తి: ఈ వ్యాస రచయిత్రి.
ఒక్క మనిషితో ఏమీ తేలదని పత్రికవాళ్లు తిప్పి పంపారు.
ఎఫీ వారం రోజులు నవ్వింది,
తర్వాత ఒక రోజు నవ్వలేదు.

ఏప్రిల్‌లో యొరిన్ వచ్చాడు. పొడుగ్గా, తడిసిపోయి,
తెచ్చిన ట్యూలిప్‌లు ఎక్కడ పెట్టాలో తెలీక.
నేను టీ పోశాను. ఎఫీకి పింగాణీ కప్పు,
అతనికి కాగితం గ్లాసు.
పింగాణీవి కడగలేదు మరి, అనుకున్నాను.

కడిగే ఉన్నాయి. పొద్దున్నే నేనే కడిగాను.