తౌడు పేరిట బండి

గరివిడి రైల్వే గేటు అవతల టీ బడ్డీలో
పద్దెనిమిది వేలకి నా ఎక్సెల్ బండి అమ్మేశాను.
ముప్ఫై ఆరు ఐదొందల నోట్లు.
ఒకదానికి మూల చిరిగింది,
అదీ తీసుకున్నాను.
దాలినాయుడు తాళాన్ని వేలికి తిప్పుకుంటూ
"పేరు మార్పు వచ్చే వారం చూసుకుందారి బావా" అన్నాడు.
ఆ వచ్చే వారం
మూడేళ్లపాటు వస్తూనే ఉంది.

నేను ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తాని.
లారీ ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి
తూకం రాసి సంతకం పెట్టేవాణ్ణి.
నేను బండి దిగిన రోజు మాత్రం
ఏమీ రాసుకోలేదు.

సమన్లు తెచ్చిన అమీనా
గుమ్మంలోంచే అడిగాడు,
"బెవర తౌడంటే తమరేనా?"

నేనే. ఆ పేరుకో కథ ఉంది.
నాకు ముందు ముగ్గురు పోయారు.
నేను పుట్టిన పదకొండో రోజు
అమ్మ నన్ను చేటలో పెట్టి
వీధి చివరి అసిరమ్మ చేతికిచ్చింది.
ఆమె సోలెడు తౌడు కొలిచి కొనుక్కుని
పెంచమని మళ్లీ అమ్మకే అప్పజెప్పింది.
చావొచ్చి అడిగితే
"ఈడు నా బిడ్డ కాడు, అమ్మేసినాను" అనడానికి.
చావు నమ్మింది.
కాగితం చూపించమనలేదు.

పదేళ్లప్పుడు ఎవరి పెళ్లిలోనో
అద్దె పెట్రోమాక్సు లైటు రాయితో పగలగొట్టాను.
లైటు యజమాని మా ఇంటికొస్తే
"ఆడు అసిరమ్మ కొడుకు గదా, అక్కడడుగు" అంది అమ్మ.
అక్కడికెళితే
"తౌడు నానిచ్చినాను, తిన్నది ఆళ్ల గేదె.
నన్నడుగుతావేటి?" అంది అసిరమ్మ.
దీపాలు పెట్టేదాకా
రెండు గుమ్మాల మధ్యా తిరిగాడు పాపం.
ఒకరికి తెలీకుండా ఒకరు
ఇద్దరూ డబ్బులిచ్చారనీ
వాడు రెండు చోట్లా పుచ్చుకుని నోరు మెదపలేదనీ
పోయే ముందు అసిరమ్మే చెప్పింది, నవ్వుతూ.

విజయనగరం కోర్టు.
ఒకటో ప్రతివాదిని నేను,
బండి నడిపిన దాలినాయుడు రెండోవాడు.
ఇన్సూరెన్సు నేను అమ్మిన ఏడాదే చచ్చిపోయింది.
అడిగింది మూడు లక్షల ఇరవై వేలు.
"పుస్తకంలో పేరు ఎవరిదైతే
చట్టానికి యజమాని వాడేనయ్యా" అన్నాడు మా లాయరు.
"ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు."
ఆ మాట వినగానే
నాకు ఇద్దరు తల్లులూ గుర్తొచ్చారు.
ఈసారి ఎవరూ లేరు, నా జేబు తప్ప.

వరండాలో బల్ల మీద గవరమ్మ కూచుని ఉంది.
చీపురుపల్లిలో రోడ్డు వారన తేగలమ్ముకునే మనిషి.
ఎడమ కాలు మడవదు, లోపల రాడ్డు.
చంకకర్ర పక్కకి జరిపి నాకూ చోటిచ్చింది.
"తౌడంటే నువ్వేనేటి బాబూ?"
"నేనేనమ్మా. కానీ బండి నాది కాదు, అమ్మేశాను."
"ఆ నాయుడూ ఇలాగే అన్నాడు,
బండి నా పేర్న నేదని."
కాసేపు తన కాలు తనే చూసుకుంది.
"మరి నన్ను గుద్దింది ఎవులు?"

జవాబు చెప్పకుండానే
లోపల్నుంచి పిలుపొచ్చింది, మూడుసార్లు,
తౌడూ తౌడూ తౌడూ అని.
ఎవరో నవ్వారు.

అమ్మినట్టు రసీదుందా అనడిగారు. లేదు.
సాక్షులున్నారా అనడిగారు.
టీ బడ్డీవాడు కిందటేడే ఎత్తేసి ఎటో పోయాడు.
బండి ధర అడిగారు, తారీకు అడిగారు,
నా జీతం అడిగారు.
అడగాల్సిన ఒక్కటీ
మా లాయరు గానీ, వాళ్ల లాయరు గానీ,
పైన కూచున్నాయన గానీ
అడగలేదు.

గవరమ్మ పడిన రోజు వాన.
వానలో ముందు బ్రేకు పట్టదు ఆ బండికి.
గరివిడి గేటు దగ్గర రెండుసార్లు
నేనే జారి పడబోయి
కాళ్లు నేలకి తన్ని ఆపుకున్నాను.
అందుకే అమ్మాను.

ఆ రోజు టీ తాగుతూ దాలినాయుడు అడిగాడు,
"బ్రేకులెలాగున్నాయి బావా?"
నేను నోట్లు లెక్కపెడుతున్నాను.
తలెత్తకుండానే అన్నాను,
"టీ చల్లారిపోతంది, తాగు."