వోచరు నంబరు ఒకటి

గవర్నరుపేట సందులో, మేడ మీద,
కింది జిరాక్సు మిషన్ల వేడి పైకి తన్నే గదిలో
బైండింగు పనివాళ్ల సంఘం కూర్చుంది.
హాజరు పదిహేడు. కుర్చీలు పదకొండు.
మినిట్సు పుస్తకం నా ఒళ్లో.

ఎజెండాలో ఒకటే ముక్క:
ఆదివారం క్లాసు చెప్పే సభ్యుడికి
డబ్బులివ్వాలా, వద్దా.

ముందు లేచింది ఏసుపాదం.
"ఆదివారం నాకు గుడీ పోతుంది,
గైడ్లు కుట్టుకుంటే వచ్చే ఆరొందలూ పోతాయి.
పిల్లలేమో రెండొందల కాఫీ తాగొచ్చి
దబ్బనం ఎటు పట్టుకోవాలండీ అంటారు.
ఈ చెయ్యి నాకు ఊరికే వచ్చిందా?"

మీరావలి మేస్త్రి లేవలేదు.
ఆయనెప్పుడూ లేవడు, మోకాళ్లు.
"మా ఉస్తాదు నా దగ్గర పైసా ముట్టలా.
పనిని తూకమేసి అమ్మితే బరకత్ పోద్దిరా."

సగం గది తలూపింది. నేనూ ఊపాను.
ఊపుతూనే రాశాను: చర్చ జరిగినది.

అప్పుడు, ఫారాలు మడిచే సామ్రాజ్యం,
చెప్పుల పక్కన గుమ్మంలో కూర్చున్న మనిషి,
ఎవరూ అడక్కుండానే అంది:
"పైసా ముట్టలేదు, సరే.
రెండేళ్లు ఆయనింటికి నీళ్లెవరు మోశారు?
పొద్దున్నే మైదా ఎవరు ఉడకేశారు?
నువ్వు కట్టిన ఫీజు నీకు కనపడలా, అంతే.
ఈ గదిలో ఎనిమిది మందికి మడత నేర్పాను నేను.
ఒక్కడు టీ ఇప్పించాడా?"

ఆ ఎనిమిదిలో నేనొకణ్ణి.
ఎముక పుల్ల బొటనవేలి కింద ఎలా జారాలో
నా చెయ్యి పట్టుకుని చూపించింది.
నాకప్పుడు పన్నెండేళ్లు.
మినిట్సులో ఆ మాటకు గడి లేదు.

చేతులెత్తారు. తొమ్మిది, ఏడు.
ఒకరు తటస్థం.
ఆ ఒకరి పేరు రాయలేదు,
రాసేవాడికి ఆ సౌకర్యం ఉంది.
క్లాసుకు మూడొందల యాభై. టీ అదనం.

మొదటి వంతు మీరావలిదే వచ్చింది.
అక్కర్లేకపోయినా రెవెన్యూ స్టాంపు అంటించమని
దాని మీద అడ్డంగా ఉర్దూలో సంతకం చేశాడు.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాడు.
ఎవరికీ దానమివ్వలేదు.
చొక్కా జేబులో, కళ్లజోడు వెనక పెట్టుకున్నాడు.

ఆ పై ఆదివారం పావుగంట ముందే వచ్చి
జిగురు గిన్నె చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టాడు.
మైలుతుత్తం ఎంత, ఎప్పుడు,
మైదా ఏ వాసన దగ్గర దించాలి,
వెన్ను గుండ్రం తిరగాలంటే సుత్తి ఎక్కడ ఆగాలి,
ముప్పై ఏళ్లలో మాలో ఒక్కరికీ చెప్పనిదంతా.
మా పుస్తకాలు చెదలు తిని
ఆయనవి తినకపోతే
చేతి మహిమ అనుకునేవాళ్లం.

"మాకెందుకు దాచావు మేస్త్రీ?"
"ఊరికే చెప్పేవాడికి కాస్త దాచుకునే హక్కుంటదిరా.
డబ్బు తీసుకున్నాక ఇంకెక్కడిది?"

ఆ రాత్రి మా సింగ్‌నగర్ ఇంట్లో
స్టవ్వు ముందు నిలబడి జిగురు కాచాను,
ఆయన చెప్పిన వాసన వచ్చేదాకా.
వచ్చింది.
సంతోషపడ్డాను, ఆ వెంటనే
ముప్పై ఏళ్ల చెదలన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.
ఎవరి మీదో తేల్చుకోలేక గిన్నె కడిగాను.

ఏడాది తిరిగేసరికి వోచర్లు ఒక కట్టవుతాయి.
వాటిని కుట్టేది నేనే,
కూలి ఎంతని ఎవరూ అడగరు, నేనూ చెప్పను.

క్లాసుల పట్టీలో సామ్రాజ్యం పేరు లేదు.
మడత కూడా పనేనని సంఘానికి తోచలేదు.
వచ్చే నెల మూడో ఆదివారం గడి ఖాళీగా ఉంటే
ఆమె పేరు రాశాను.
ఇప్పటికి పెన్సిలుతో.